రూతమ్మ తర్వాతి పేరు

బందరులోని ఆ ఇంట్లో ప్రార్థన కానిదే పొయ్యి వెలగదు. నాయనమ్మ ఎలీసబెతు కుడి పిడికిలి బిగించుకుని, బతికున్నవాళ్లందరినీ పేరుపేరునా దేవుడికి అప్పగిస్తుంది. ఆ తర్వాత దివిసీమ ఉప్పెనలో పోయిన తనవాళ్లను తలుచుకుంటుంది. ఆ వరస ఎన్నడూ తప్పదు. చివరి పేరు చిన్నవయసులోనే పోయిన చెల్లెలు రూతమ్మది.

ఆ రోజు రూతమ్మ దగ్గర ఆమె ఆగలేదు.

“బ్లెస్సీ,” అంది.

కోడలు సుమలత ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. మూలన కూతురు బ్లెస్సీ బ్యాగు సిద్ధంగా ఉంది. కౌసర్‌తో, మరో ఇద్దరు స్నేహితురాళ్లతో జార్జియా వెళ్లి, గైడు లేకుండా కొండల్లో నాలుగు రోజులు నడవాలని ఆ పిల్ల ఏడాదిగా ఒకటే గోల. సాయంత్రమే ప్రయాణం.

“టికెట్ క్యాన్సిల్ చెయ్యి. నువ్వెక్కడికీ వెళ్లడం లేదు,” అంది సుమలత.

“నాయనమ్మ ఏదో తడబడిందమ్మా. దానికేనా?”

“ఇన్నేళ్లలో ఒక్కసారైనా తడబడిందా? నిన్ను చచ్చిపోయినవాళ్లలో కలిపింది!”

“నువ్వు ఆపినా నేను వెళ్తాను.”

సుమలత బ్యాగు లాక్కెళ్లి గదిలో పడేసి తాళం వేసింది. “అత్తయ్యా, మీకు ఆ మాట ఎలా వచ్చిందండీ?”

ఎలీసబెతు తన పిడికిలి వంక చూసుకుంది.

“కావాలనే అన్నానమ్మా. ఆ రాత్రి ఓ చేత్తో తుమ్మచెట్టును, ఈ చేత్తో రూతమ్మను పట్టుకున్నాను. తెల్లారేసరికి దాని ఒంట్లో ప్రాణం లేదు. అయినా చెయ్యి వదల్లేకపోయాను. ఇప్పటికీ ప్రార్థనలో ఇలాగే పట్టుకుంటాను. బ్లెస్సీకి దారి చూపేవాళ్లు లేరన్నారుగా. అందుకే దాని చెయ్యి రూతమ్మ చేతిలో పెట్టాను.”

సుమలత పాస్టరు గారి కూతురు. చనిపోయినవాళ్లకు పనులు పురమాయించకూడదని ఆమెకు తెలుసు. అయినా వెళ్లి తాళం తీసింది.

మూడో రోజు కొండల్లోంచి వీడియో కాల్ వచ్చింది. బ్లెస్సీ మొహం పాలిపోయి ఉంది.

“పొద్దున మంచులో ఏమీ కనబడలేదు నాయనమ్మా. ఎవరో నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగారు. కౌసర్ అనుకున్నాను. మంచు విడిపోయాక చూస్తే నా కాళ్ల ముందే లోయ. కౌసర్ ఎక్కడో వెనకుంది.”

“చిన్న చెయ్యా?”

“పసిపిల్లదిలా ఉంది. తడిగా, చల్లగా. నా గ్లవ్ ఆరాక దాని మీద ఉప్పు తేలింది. కొండల్లో ఉప్పేంటి నాయనమ్మా?”

సుమలత అత్తగారి ఒళ్లో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

బ్లెస్సీ తిరిగొచ్చిన మర్నాడు ఆ పిల్ల పేరు మళ్లీ బతికున్నవాళ్లలోకి వచ్చింది. రూతమ్మ పేరు దగ్గర నాయనమ్మ ఆగింది.

“ఇక వెళ్లిరా తల్లీ,” అంటూ పిడికిలి విప్పింది.

అరచెయ్యి తడిగా ఉంది.