పోయినవాడి అప్‌డేట్

తలుపు తీసింది చచ్చిపోయిన మనిషే.

ఐల్సా చేతిలోని తెల్లపూల గుత్తి జారి మెట్ల మీద పడింది. ఎదురుగా సాక్షాత్తూ లాక్లన్ గెడ్డెస్! చేతిలో సగం కొరికిన మాంసం రొట్టె. జుట్టు దువ్వి ఎన్నాళ్ళయిందో. ఒంటి మీద ఆకుపచ్చ స్వెట్టరు, గేమ్ కోసం జనాన్ని చందాలడిగిన వీడియోలో వేసుకున్నదే. ముందుపన్ను కొస విరిగి ఉంది. అదీ ఆ వీడియోలో ఉన్న పన్నే.

వారం నుంచీ ఆమె ఏడుస్తున్నది ఈ మనిషి కోసమే.

“ఎవరు కావాలండీ?” అన్నాడతను.

“లా... లాక్లన్ గారి ఇల్లు...”

అతను కింద పడిన పూలను చూశాడు. పూలకు కట్టిన నల్ల రిబ్బను చూశాడు. మొహంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది.

“ఆయన పోయారండీ. నేను తమ్ముణ్ణి.”

“తమ్ముడా?”

“కవల తమ్ముణ్ణి.”

“పన్ను కూడా కవలేనా?”

అతను ఠక్కున నోరు మూసుకున్నాడు. చచ్చినవాడికి కాస్త సిగ్గు మిగిలే ఉంది.

డండీ ఊరి వాన తన పని తాను చేసుకుపోతోంది. ఐల్సా జుట్టు మీంచి నీళ్ళు కారి ముక్కు కొస నుంచి బొట్లు పడుతున్నాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదామెకు. మనిషి బతికున్నాడని సంతోషపడాలో, ఆ మనిషిని అక్కడే చంపేయాలో తేల్చుకోలేకపోతోంది.

అసలు జరిగింది ఇది. ‘పొగమంచు రేవు’ అని ఒక గేమ్. అందులో ఆడేవాళ్ళు పడవ నడుపుతూ జనాన్ని నది దాటిస్తారు, వాళ్ళ కథలు వింటారు. లాక్లన్ ఒక్కడే కూచుని తయారు చేస్తానన్నాడు. ఎక్కడెక్కడి వాళ్ళో తలా కాస్త చందా వేశారు. మొదట్లో ప్రతి శుక్రవారం అతను అప్‌డేట్ రాసేవాడు. నది మీద పొగ నిజంగా కదిలినట్టు రావడానికి ఎన్ని తంటాలు పడ్డాడో, తెడ్డు కిర్రుమనే చప్పుడు కోసం వాళ్ళ నాయనమ్మ బీరువా తలుపును ఎన్నిసార్లు తీసి మూశాడో, ఆవిడ ఎన్ని తిట్లు తిట్టిందో, అన్నీ. పెర్త్ ఊళ్ళో కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే ఐల్సా శుక్రవారం మధ్యాహ్నం శాండ్‌విచ్ తింటూ అవి చదివేది. నవ్వుకునేది. కొన్నిసార్లు రెండోసారి కూడా చదివేది.

తర్వాత అప్‌డేట్లు పలచబడ్డాయి. ఆఖరికి, ‘ఒక పెద్ద వార్త ఉంది, త్వరలో చెప్తా’ అని ఒక్క ముక్క రాసి మనిషి మాయమయ్యాడు. నెలలు గడిచాయి. పలుకు లేదు. చందాలిచ్చినవాళ్ళు పేజీ కింద తిట్ల దండకం అందుకున్నారు. ఆ దండకానికి పెద్ద గొంతు ఐల్సాది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఒకటే కామెంటు: ‘అప్‌డేట్ ఏది మహానుభావా?’

ఇంతలో ఎవరో ఒక సంగతి పట్టుకున్నారు. గేమ్‌లు ఆడే సైటులో లాక్లన్ పేరు పక్కన, మనిషి వచ్చినప్పుడు వెలిగే ఆకుపచ్చ చుక్క వెలగక నెలలు దాటింది. ఈ జనానికి మనిషి ఉన్నాడో లేడో తేల్చేది డాక్టరు కాదు, ఆ చుక్క. ఎంత కష్టంలో ఉన్నా, జ్వరంతో మూలుగుతున్నా, పెళ్ళి పీటల మీద నుంచి లేచి వచ్చినా ఒక్కసారైనా వెలగాలి. అతను ఇచ్చిన ఫోను నంబరు చూస్తే పనిచేయడం లేదు. ఒకరు ‘కొంపదీసి...’ అన్నారు. ఇంకొకరు ‘అయ్యో’ అన్నారు. మూడోవాడు ‘ఆత్మకు శాంతి’ అని రాసేశాడు. సాయంత్రానికల్లా తిట్టిన నోళ్ళన్నీ గొల్లుమన్నాయి. నార్వేలో ఎవరో ఖాళీ పడవ బొమ్మ గీసి పెట్టారు. ఇంటికి పూలు పంపాలనుకున్నారు. డండీకి దగ్గర్లో ఉన్నది నువ్వేగా అని ఆ పని ఐల్సాకు అప్పజెప్పారు.

ఇప్పుడు ఆ పూలు వానలో తడుస్తున్నాయి. పోయినవాడు మాంసం రొట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“లోపలికి... రండి,” అన్నాడు నీరసంగా.

లోపలికి వెళ్ళిన ఐల్సాకు రెండో దెబ్బ తగిలింది. బల్ల మీద కంప్యూటరు వెలుగుతోంది. తెర మీద ఉన్నది గేమ్ కాదు, సంతాపాల పేజీ.

“ఇదేంటి? నువ్వు ఇవన్నీ చదువుతున్నావా?”

‘మీరు’ అనే మాట ఎప్పుడు ఎగిరిపోయిందో ఆమెకు తెలియదు.

“అప్పుడప్పుడు.”

“అప్పుడప్పుడా?”

“రోజూ,” అని ఒప్పుకున్నాడు. “పొద్దున టీతో ఒకసారి. సాయంత్రం ఒకసారి.”

“సిగ్గులేదూ? మేమంతా అక్కడ ఏడ్చి చస్తుంటే నువ్విక్కడ టీ తాగుతూ... ఆ చుక్క సంగతేంటి మరి?”

“నేనే ఆర్పేశాను. కనిపించకుండా పెట్టుకోవచ్చు కదా. మీరందరూ చూస్తారని భయమేసి. ఫోను కూడా తీసేయించాను.” అతను కుర్చీలో కూలబడ్డాడు. “నేను చచ్చానని నేనెక్కడా అనలేదు. మీరే అన్నారు. మర్నాడు లేచి కాదని చెబుదామనుకున్నా. చూస్తే, నన్ను దొంగ అన్నవాడు దేవుడంటున్నాడు. ఇంకొక్క రోజు చూద్దాంలే అనుకున్నా.”

“ఎందుకలా మాయమయ్యావు?”

“పెద్ద వార్త చెప్తానన్నానుగా. అది కుదర్లేదు. గేమ్‌లో కాస్త ముక్క అందరికీ ముందే ఆడుకోడానికి ఇద్దామనుకుంటే, అది నడవకుండా ముక్కలైంది. సరే, వచ్చే నెల చెబుదాం అనుకున్నా. నెల ఆలస్యమయ్యాక చిన్న వార్త చెబితే ఏం బావుంటుంది? ఇంకా పెద్దది కావాలి. రెండు నెలలయ్యాక అంతకంటే పెద్దది. ఇప్పటికి ఎంతయిందంటే, చంద్రుడి మీదికి పడవ నడిపించానని చెప్తే తప్ప చాలదు.”

ఐల్సాకు నవ్వొచ్చింది. గట్టిగా బిగబట్టింది.

“నాయనమ్మ బీరువా గురించి రాస్తే సరిపోయేదిగా!” అంది. “మాకు కావలసింది అంతే.”

అతను తలెత్తి ఆమెను మొదటిసారి సరిగ్గా చూశాడు. తడిసి, వణుకుతూ, కోపంతో ఎర్రబడ్డ మొహం.

“నువ్వు... శుక్రవారం ఐల్సావా?”

ఆమెకు తను రాసిన సంతాపం గుర్తొచ్చింది. దాన్ని రోజుకు రెండుసార్లు చదివింది ఎవరో అప్పుడు తట్టింది.

“చదవకు. దయచేసి దాన్ని పైకి చదవకు.”

“నాకు నోటికొచ్చు,” అన్నాడతను మెల్లిగా. “‘నేను తిట్టింది గేమ్ కోసం కాదు. శుక్రవారం మీ మాటల కోసం. ఈ ఊళ్ళో నాతో అంత ముచ్చటగా మాట్లాడేవాళ్ళు ఇంకెవరూ లేరు. ఇది మీరు బతికుండగా చెప్పాల్సింది.’”

“అది చచ్చిపోయినవాడికి రాసింది! బతికున్నవాడు చదవడానికి కాదు!”

రెండు చేతులతో మొహం కప్పుకుంది. కిందనున్న భూమి నోరు తెరిస్తే దూకేయడానికి సిద్ధంగా ఉంది. తెరవలేదు.

“ఐల్సా, నేను బతికున్నానని తెలిస్తే వాళ్ళు నన్ను వదలరు. మళ్ళీ నమ్మరు కూడా. గేమ్ ఇక్కడితో ఆగిపోతుంది.”

“చెప్పకపోతే మాత్రం? పోయినవాడు గేమ్ ఎలా పూర్తిచేస్తాడు?” చేతులు తీసి అతని వైపు తిరిగింది. “నువ్వు రాస్తావా, నేను రాయనా? నేను రాస్తే ఆ మాంసం రొట్టె సంగతి కూడా రాస్తాను.”

అతను రాశాడు. చెరిపేశాడు, మళ్ళీ రాశాడు. పేజీ మీద వచ్చింది ఇంతే: ‘నేను చనిపోలేదు. భయపడి దాక్కున్నాను. మీరు ఏడుస్తుంటే ఊరుకున్నాను, అది తప్పు. గేమ్ సగమే అయింది. శుక్రవారం మళ్ళీ రాస్తాను.’

నొక్కాడు.

ఆ తర్వాత పిడుగులు. ‘బతికున్నావా రాక్షసుడా!’ ‘మా అమ్మ కూడా ఏడ్చింది తెలుసా!’ ‘నా డబ్బు ఇటు పడెయ్.’ నార్వే మనిషి, ‘నా బొమ్మలో ఇప్పుడు నిన్ను ఎక్కడ కూచోబెట్టను?’ అని అడిగాడు. లాక్లన్ మొహం సున్నంలా అయిపోయింది. ఐల్సా పక్కన కుర్చీ లాక్కుని ఒక్కొక్కటే గట్టిగా చదివింది, ఒక్కటీ వదల్లేదు. చీకటిపడేదాకా అతను ప్రతిదానికీ జవాబు రాస్తూనే ఉన్నాడు. కొంతమంది వెళ్ళిపోయారు. ఎక్కువమంది తిడుతూనే ఉండిపోయారు.

స్టేషనుకు బయల్దేరుతుంటే ఆమె అంది, “శుక్రవారం రాయకపోతే ఈసారి నిజంగానే పూలు పంపిస్తా.”

శుక్రవారం వచ్చింది. మధ్యాహ్నమూ వచ్చింది. అప్‌డేట్ రాలేదు.

ఐల్సా దుకాణంలో మిసెస్ పిట్కెర్న్ అనే పెద్దావిడకు కళ్ళు పరీక్ష చేసే బరువైన ఫ్రేము తగిలించి, అద్దాలు మారుస్తూ మధ్యలో ఫోను వైపు చూస్తోంది. పేజీ కింద అప్పుడే మొదలైంది: ‘మళ్ళీ చచ్చాడా?’ ఆమెకు కోపం రావాలి. రాలేదు. బాధ వచ్చింది. ఎంత పిచ్చిదాన్ని అనుకుంది. ఒక్క సాయంత్రం చూసిన మనిషిని ఇంతలా ఎందుకు నమ్మినట్టు?

తలుపు గంట మోగింది. ఐల్సా చేతిలోని అద్దం టేబుల్ మీద పడి దొర్లింది.

లాక్లన్! తల నుంచి కాళ్ళ దాకా వాన. చంకలో ప్లాస్టిక్ సంచిలో చుట్టిన ల్యాప్‌టాప్.

“అప్‌డేట్ తెచ్చాను,” అన్నాడు రొప్పుతూ.

“తేవడమేంటి? రాయాలి కదా!”

“రాద్దామనే కూచున్నా. గేమ్‌లో చలికాలం ఘట్టం అంతా పాడైంది ఐల్సా. మళ్ళీ మొదట్నుంచీ చెయ్యాలి. వసంతానికి అవుతుందనుకున్నది ఆకులు రాలే కాలానికి పోతుంది. అది రాయబోతే చెయ్యి దానంతటదే ‘పెద్ద వార్త ఉంది’ అని కొట్టేస్తోంది. అందుకని రైలెక్కేశా. ముందు నీ మొహం చూసి చెప్పగలిగితే తర్వాత అందరికీ రాయగలను.”

ఐల్సా నివ్వెరపోయింది. దాక్కోవడమే తెలిసిన మనిషి చెడ్డవార్తను చంకలో పెట్టుకుని వానలో ఇంతదూరం మోసుకొచ్చాడు. గేమ్ ఆలస్యమన్నందుకు ఎవరికైనా కళ్ళల్లో నీళ్ళు వస్తాయి గానీ, సంతోషంతో వస్తాయా? ఆమెకు వచ్చాయి.

“చెప్పావుగా. ఇప్పుడు రాయి,” అంది.

అతను అక్కడే స్టూలు మీద కూచుని రాసి పంపేశాడు. మిసెస్ పిట్కెర్న్ ఆ ఫ్రేములోంచే అతన్ని ఎగాదిగా చూసింది.

“ఎవరమ్మాయ్ ఈ తడిసిన కుర్రాడు? ఎడమ కంటికి బానే ఉన్నాడు. కుడికంటికి ఇంకొంచెం బావున్నాడు.”

లాక్లన్ చెవులు ఎర్రబడ్డాయి. ల్యాప్‌టాప్ మూసి లేచాడు, మళ్ళీ కూచున్నాడు.

“ఇంకొకటుంది ఐల్సా. ఇది అందరికీ రాసేది కాదు.”

“ఏంటది?”

“అది... ఇంకా సరిగ్గా తయారవలేదు. కొంచెం టైమిస్తే బాగా, పెద్దగా...”

“లాక్లన్!” ఆమె గొంతుకు దుకాణమంతా తిరిగి చూసింది. “ఎంతవరకు అయితే అంతవరకే చెప్పు!”

అతను స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు.

“నువ్వంటే నాకిష్టం. ప్రస్తుతానికి అంతవరకే వచ్చింది.”

పెద్దావిడ ఫ్రేము పైకెత్తి, ఇద్దరినీ కళ్ళార్పకుండా చూస్తోంది.

“నాక్కూడా అంతవరకే వచ్చింది,” అంది ఐల్సా.