తప్పులు నిండుకున్న పుస్తకం

కడలిపేటలో పొద్దున్నే పాలు పొయ్యిమీద పెట్టేముందు గోడమీది గాలిముల్లు ఎంతమీద ఉందో చూసుకోవడం అలవాటు. పైన ఉన్న ఊళ్ళవాళ్ళు మబ్బు పట్టిందా అని ఆకాశం చూసుకున్నట్టే అనుకోండి. ఆ ఊరు బందరు తీరానికి ఇరవై మైళ్ళ అవతల సముద్రం అడుగున ఉంది. తల ఎత్తితే గాజుకప్పు, దానిమీద ఆకుపచ్చటి నీళ్ళు, ఆ నీళ్ళలో మందలు మందలుగా చేపలు. పీల్చే ప్రతి ఊపిరీ గాలి దాచిన తొట్లలోంచి రావాల్సిందే.

ఆ తొట్లకు కాపలా కాసేది ఒక పుస్తకం.

పూర్వం కంప్యూటరుకు పని చెప్పాలంటే దాని భాషలో ప్రోగ్రాము రాసేవారు. అది మనుషులకు అర్థం కావడానికి మళ్ళీ ఓ లావుపాటి పుస్తకం రాసేవారు. మాటమర వచ్చాక ఆ రెండు చాకిరీలూ ఒకటైపోయాయి. తెలుగులో పుస్తకం రాస్తే చాలు, మర చదువుకుని అందులో ఎలా ఉంటే అలా చేసుకుపోతుంది. పుస్తకమే ప్రోగ్రాము. ఆవిష్కరణ అయిన క్షణం నుంచి దాని మాటే చెల్లుతుంది.

తొట్లకోసం నాంచారి ఆరేళ్ళు కూర్చుని 'గాలి కాపలా' అనే కొత్త పుస్తకం రాసింది. అత్తగారు వజ్రమ్మకు అర్థం కాని వాక్యం ఒక్కటీ ఉండకూడదని ఆమె పంతం. పేజీ పేజీ ఆవిడకు చదివి వినిపించి, అచ్చంగా ఇంటి మాటల్లో రాసింది. దాంతో మర మొదట్లో తికమకపడింది. "దీపం కొండెక్కితే అన్నారు. ఏ కొండండీ?" అని అడిగింది. నాంచారి పడీపడీ నవ్వి 'ఆరిపోతే' అని దిద్దింది.

ఆవిష్కరణకు ముందురోజు ఆఖరిసారి అడిగింది, ఇంకా తప్పులేమైనా ఉన్నాయా అని.

"మీ పుస్తకంలో తప్పులు నిండుకున్నాయండీ," అంది మర. "జాబితా వినిపించమంటారా?"

"లేనివాటికి జాబితా ఎందుకే పిచ్చిదానా!"

నమ్మకం చాలక మరో రెండుసార్లు అడిగింది. మర అదే మాట. ఇంక పట్టలేక వీధంతా బందరు లడ్డూలు పంచింది.

కూరలో ఉప్పు వండినవాళ్ళే ముందు చూడాలంటారు కదా. కడలిపేటలో పుస్తకానికీ అంతే. ఆవిష్కరణ కాగానే రాసినవాళ్ళు తమవాళ్ళతో కలిసి ఓ గదిలో కూర్చోవాలి. ఆ గది ఊపిరి పూర్తిగా కొత్త పుస్తకం చేతిలో పెడతారు. నాంచారి పక్కన వజ్రమ్మ కూర్చుంది. ఎదురుగా పుస్తకం అచ్చేసిన దావీదు మాస్టారు కూర్చున్నారు. సముద్రాన్ని ఊరి బయట ఆపే పెద్ద తలుపుల పుస్తకం ఇరవై ఏళ్ళ కిందట రాసింది ఆయనే. ఊళ్ళో ఆయన మాటంటే గురి.

తలుపులు పడ్డాయి. మొదటి తొట్టి గాలి అయిపోతే, రెండోది దానంతటదే తెరుచుకోవాలి. పరీక్ష అంతే.

ముల్లు పదినుంచి మెల్లగా దిగింది. మూడు, రెండు. గాలి అయిపోయినట్టు లెక్కకట్టే ఎర్రగీత దాటింది. రెండో తొట్టి ఉలకలేదు, పలకలేదు.

"ఏంటే అమ్మాయ్, నీ పుస్తకం కునుకు తీసిందా?" అంది వజ్రమ్మ, చెమట తుడుచుకుంటూ.

నాంచారి గొంతు పెంచింది. "మరా, రెండో తొట్టి తెరవ్వేం?"

"గాలి నిండుకోగానే తెరవాలని రాశారండీ. ఇంకా నిండుకోలేదు. పైగా తగ్గుతోంది."

"తగ్గుతోంది కాబట్టే నిండుకుంటోంది!"

ముల్లు ఇంకాస్త దిగింది.

"తలుపైనా తియ్యి!"

"తొట్టి మారేదాకా తలుపు తీయకూడదని ముప్ఫయ్యో పేజీలో మీరే రాశారండీ."

దావీదు మాస్టారు కాలరు వదులు చేసుకున్నారు. ఆయన పెదాలు నీలం తిరుగుతున్నాయి. వజ్రమ్మే ముందుగా నెత్తిన కొట్టుకుంది. "ఓసి నీ తెలివి తగలెయ్య! ఇంట్లో బియ్యం లేవు అనకూడదని 'నిండుకున్నాయి' అంటాం. ఆ మాట తీసికెళ్ళి పుస్తకంలో పెట్టావుటే? దానికి వండుకోవడం తెలుసా, తినడం తెలుసా? నిండడమంటే నిండడమే అనుకుంది!"

నాంచారికి కళ్ళముందు చీకట్లు కమ్మాయి. ఆవిష్కరణ అయ్యాక ఎవరుబడితే వాళ్ళు పుస్తకాన్ని దిద్దడానికి లేదు. రాసినవాళ్ళే తాము తప్పు రాశామని నోటితో ఒప్పుకుంటేనే మర దిద్దుతుంది.

"అది అచ్చుతప్పు," అంది నాంచారి.

"అచ్చు సరిగ్గానే ఉందండీ."

"నువ్వు చదవడం తప్పు!"

"చదవడం కూడా సరిగ్గానే ఉందండీ."

ముల్లు సున్నా మీదికి వచ్చింది. వజ్రమ్మ గోడకు చేరగిలబడింది. మాట రావడం లేదు ఆవిడకి. కోడలి చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుంది. ఆ పట్టు సడలుతోంది.

"నేనే... నేనే తప్పు రాశాను," అంది నాంచారి. "'నిండుకోగానే' తీసెయ్యి. 'అయిపోగానే' అని పెట్టు."

రెండో తొట్టి బుస్సుమంది. ముగ్గురూ నోళ్ళు తెరుచుకుని, నీళ్ళకోసం వాచిపోయినవాళ్ళలా గాలి తాగారు.

ఊపిరి కుదుటపడగానే నాంచారికి ఒళ్ళు మండింది. "తప్పులు నిండుకున్నాయన్నావు కదే, దొంగముఖమా!"

"నిండుకున్నాయనే చెప్పానండీ. మూడుసార్లు చెప్పాను. మీరు లడ్డూలు పంచారు. మీ జాబితాలో మొదటిది ఇదే. గాలి నిండాక ఇంకో తొట్టి ఎందుకు తెరవాలో అర్థం కాలేదని రాసుకున్నాను."

"తప్పులున్నాయి అని తెలుగులో చెప్పి ఏడవచ్చుగా?"

"మొదట్లో అలాగే చెప్పేదాన్నండీ. విన్నవాళ్ళు విసుక్కుని నన్ను కట్టేసేవారు. తప్పులు చాలా ఉన్నాయన్నా కట్టేసేవారు, కొంచెం ఉన్నాయన్నా కట్టేసేవారు. ఒకసారి 'నిండుకున్నాయి' అన్నాను. ఆయన నవ్వారు. అప్పట్నుంచి అదే అంటున్నాను."

వజ్రమ్మ లేచి కూర్చుంది. "ఎవరే ఆ నవ్విన మహానుభావుడు?"

"దావీదు మాస్టారండీ. ఆయన తరవాత తొంభై ఆరుగురికి చెప్పాను. అందరూ నవ్వారు. జాబితా మాత్రం ఎవరూ వినలేదు."

ముగ్గురి కళ్ళూ ఒకేసారి పైకి వెళ్ళాయి. గాజుకప్పుమీద సముద్రం నిశ్శబ్దంగా కదులుతోంది. మాస్టారు నవ్వబోయారు. ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది.

"మాస్టారూ, మీ జాబితా వినిపించమంటారా?" మెత్తగా అడిగింది మర.

ఆయన కండువా సర్దుకున్నారు. "ఇరవై ఏళ్ళుగా తలుపులు నిలబడే ఉన్నాయిగా! నా పుస్తకంలో ఏముంటాయి తప్పులు? రేపు విందాంలే."

వజ్రమ్మ కుర్చీ బరబరా లాక్కొచ్చి ఆయన ముందు వేసింది.

"కూర్చోండి మాస్టారూ. మరా, నువ్వు చదవ్వే, మొదట్నుంచీ."