మార్జిన్ లేని జవాబు

పదో తరగతి పరీక్షలకు ఆరు వారాలుందనగా, సోషల్ మాస్టారి పరువు ఒక తెల్లకాగితం మీద పోయింది.

అప్పటిదాకా తన రివిజన్ పద్ధతికి తిరుగులేదనుకునేవాడు. పాఠం పదిసార్లు చదివించడం, నాలుగు రంగుల పెన్నులతో గీతలు గీయించడం. ఆయన పిల్లల పుస్తకాల్లో గీత పడని వాక్యం వెతికినా దొరికేది కాదు.

లెక్కల టీచరు సెలవు పెడితే, ఆవిడ బదులు పరీక్షల వరకే ఒక అమ్మాయి వచ్చింది. వచ్చిన రెండోరోజే స్టాఫ్‌రూమ్‌లో అలాంటి పుస్తకమొకటి తిరగేసింది.

"ఇందులో ముఖ్యమైంది ఏది మాస్టారూ?"

"గీత ఉన్నదంతా ముఖ్యమే."

"అయితే గీతలు దేనికి?"

ఆయనకు ఒళ్లు మండింది. ఆరేళ్లుగా అదే పాఠం చెబుతున్న తనకు నేర్పడానికొచ్చిందా అనుకున్నాడు. ఆమె వాదించలేదు. ఒక తెల్లకాగితం ముందు పెట్టి, పుస్తకం మూసి, నదుల పాఠంలో గుర్తున్నది రాయమంది. మాస్టారు చొక్కా చేతులు మడిచి మూడు లైన్లు రాశాడు. నాలుగోది రాక తేదీ వేశాడు. తేదీ అయ్యాక మార్జిన్ గీశాడు. పావుగంటకు ఆ కాగితంలో చూడదగ్గది ఆ మార్జినే.

ఆమె నవ్వలేదు. మళ్లీ మళ్లీ చదివితే పాఠం ముఖపరిచయం అవుతుందే కానీ మనదవదని చెప్పింది. మూసి గుర్తు చేసుకోవాలి, తెరిచి తప్పిందేదో ఎర్ర పెన్నుతో దిద్దుకోవాలి, మర్నాడు, మూడో రోజు, వారానికి మళ్లీ అదే చేయాలి అంది.

మర్నాడు మాస్టారు ఆ పద్ధతిని తానే కనిపెట్టినట్టు పిల్లలకు బోధించాడు. తీరా చూస్తే వెనక బెంచీలో ఆమె, నోట్సులు దిద్దుకుంటూ. అంతా వింది. ఎవరికీ చెప్పలేదు. ప్రేమలో పడటానికి ఆయనకు అది చాలింది.

ఆరు వారాలూ ఇట్టే అయిపోయాయి. చివరి బెల్లు కొడితే ఆమె తన ఊరు వెళ్లిపోతుంది. ఆలోపే చెప్పాలి. నోటుపుస్తకంలో నాలుగు వాక్యాలు సిద్ధం చేసుకున్నాడు. పిల్లలకు ఎన్ని చెప్పినా తన దాకా వచ్చేసరికి పాత బుద్ధే. పదిసార్లు చదివి, నాలుగు రంగుల్లో గీతలు గీశాడు.

ఆమె టేబుల్ సొరుగు ఖాళీ చేస్తోంది. ఆ పుస్తకంతో ఎదురుగా నిలబడి "మేడమ్" అన్నాడు. అంతే. గీతలు గుర్తున్నాయి, రంగులు గుర్తున్నాయి, మాటలే లేవు.

ఆమె ఆ పుస్తకం వైపు చూసి, సొరుగులోంచి తెల్లకాగితం తీసింది.

"పుస్తకం మూసేయండి. గుర్తున్నది రాయండి."

కూర్చుని రాశాడు. బోర్డు తుడిచాక మీ ముక్కుకి సుద్ద అంటుతుంది, ఎవరూ చెప్పరు. లెక్క తప్పిన పిల్ల దగ్గర మీరు వంగి మాట్లాడతారు. వాన పడ్డరోజు మీ ఆకుపచ్చ గొడుగులో సగం నాకిచ్చి, మీరు తడిశారు. రేపటి నుంచి ఈ గదిలోకి రాబుద్ధి కాదు. నన్ను పెళ్లి చేసుకుంటారా?

మార్జిన్ గీయడం మరిచేపోయాడు.

ఆమె ఎర్ర పెన్ను తీసి, 'ఆకుపచ్చ' కొట్టేసి 'నీలం' అని రాసింది. మాస్టారు బుద్ధిగా తలూపి, ఆఖరి ప్రశ్న సంగతేమిటని అడిగాడు.

"ఒక్కసారి అడిగితే నిలవదు మాస్టారూ. రేపు ఫోన్లో అడగండి. మూడో రోజు మళ్లీ. వారానికి మా ఇంటికొచ్చి నాన్న ముందు అడగండి. కాగితం తేకూడదు."

రెండుసార్లూ ఫోన్లో అడిగాడు. ఏడో రోజు వాళ్ల ముందుగదిలో కుర్చీ అంచున కూర్చుని, ముక్కు మీద సుద్ద నుంచి నీలం గొడుగు దాకా ఒక్క మాట వదలకుండా అప్పజెప్పాడు. పెద్దాయన కూతురి వైపు తిరిగాడు.

"అడిగిన మొదటిరోజే ఇష్టమని మీ అమ్మతో చెప్పావు కదమ్మా. పాపం, ఈ అబ్బాయినెందుకు తిప్పలు పెట్టావు?"

"చెప్తాను నాన్నా" అని ఆమె లోపలికి వెళ్లింది. బయట చినుకులు మొదలయ్యాయి. వస్తూ గొడుగు తెచ్చి మాస్టారి చేతికిచ్చింది.

అచ్చమైన ఆకుపచ్చ.

"ఇది... నేను రాసింది కరెక్టే కదా?"

"కరెక్టే. ఎర్ర పెన్ను చూడగానే నోరెత్తకుండా ఒప్పేసుకున్నారు. వారంలో మూడుసార్లడిగారు, మూడుసార్లూ నీలమనే అన్నారు." ఆమె మొదటిసారి పైకే నవ్వింది. "సంసారానికి పనికొస్తారు."