పదిహేడో పెట్టె

ప్రవీణ్ రాళ్ళ పెట్టె మీదికి వాలిపోయి ఉన్నాడు. నోటి దగ్గర నురగ. గుప్పిట్లో జానెడు రాతిముక్క.

కుప్పం అవతల కొండల్లో బంగారం, ఆంటిమొనీ లోహం వెతికే క్యాంపు అది. డ్రిల్లు దించి భూమిలోంచి తీసిన రాతి కడ్డీలను పెట్టెల్లో వరసగా పేర్చిన షెడ్డు. సీనియర్ జియాలజిస్ట్ ప్రవీణ్ అక్కడే పోయాడు.

ఎస్సై నవనీత నిన్న సాయంత్రం వచ్చింది. శవాన్ని అంబులెన్సులో పంపింది. షెడ్డుకు తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకుంది. ఆ తరవాతే వాన పట్టుకుంది. వంక పొంగి దారి మునిగింది.

డ్రిల్లు వాళ్ళు సెలవుకు ఊళ్ళకు పోయారు. క్యాంపులో మిగిలింది ముగ్గురు. మేనేజర్ సుబ్రహ్మణ్యం. జూనియర్ జియాలజిస్ట్ దిలీప్. వంట చేసే చెంగమ్మ. వాళ్ళతోపాటు నవనీత, కానిస్టేబుల్ గంగాధరం. బయటికి పోయే దారి ఎవరికీ లేదు.

ఉదయం ఎనిమిదికి పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్ ఫోన్ చేశాడు.

"పురుగుల మందు మేడమ్. నోటి గుండానే పోయింది."

సుబ్రహ్మణ్యం వంటింటి వైపు చూశాడు. "నేను నిన్నే చెప్పినా మేడమ్. మొన్న పులుసులో ఉప్పెక్కువైందని ప్రవీణ్ సార్ ఈమెను అరిసినాడు."

చెంగమ్మ గడప మీద కూర్చుని ఉంది. పొయ్యి మీద సంగటి చల్లారి బిగుసుకుపోయింది. నిన్నటి నుంచి ఆమె చేతి మెతుకు ఎవరూ ముట్టలేదు. బిస్కెట్లు నమిలి, చూరు కింద పట్టిన వాననీళ్ళు తాగుతున్నారు.

"ప్రవీణ్‌కు నిన్న ఏం పెట్టినావు?" అడిగింది నవనీత.

"సంగటి, మిరియాల చారు. జలుబు సేసి ముక్కు బిగిసిపోయుండాది ఆ యప్పకు. ఆ చట్టిలోదే నేనూ తింటినమ్మా. నాకేం కాలా."

"ఎవరన్నా చూసినారా, నువ్వు తినింది?"

"వంటామె తినేది ఎవురు సూస్తారమ్మా?" చెంగమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "వంక తగ్గినంక నన్ను జీపెక్కిస్తారు గదా?"

నవనీత లేచి షెడ్డు వైపు నడిచింది.

షెడ్డు తాళం తీయించి దిలీప్‌ను పిలిచింది. మదనపల్లె పిల్లవాడు. ఇంట్లో వాళ్ళది టమాటా సేద్యం. ఉంగరపు వేలి మీద ఉంగరం లేదు, తెల్లటి గుర్తు ఉంది.

"ఈ రాళ్ళలో బంగారం యాడ కనపడతాదప్పా?"

దిలీప్ ఐదో పెట్టెలోంచి ఒక ముక్క తీసి నాలుకతో నాకాడు. వెలుగుకు పట్టాడు.

"ఎండిన రాయంతా ఒకటే బూడిద రంగు మేడమ్. తడిపితే తేలతాది. ఈ సూదుల్లాంటిది ఆంటిమొనీ. బంగారం కంటికి ఆనదు, ల్యాబే చెప్పాల."

"నోట్లో పెట్టుకుంటే మట్టి గాదా?"

"అలవాటైపోయింది మేడమ్. మా వాళ్ళందరూ ఇంతే."

ఎనిమిదో పెట్టెలోనూ నాకాడు. పన్నెండులోనూ నాకాడు.

పదిహేడు దగ్గర ఆగాడు. ప్రవీణ్ పడిన పెట్టె అదే. దిలీప్ సంచిలోంచి వాటర్ బాటిల్ తీశాడు. ఈ కొస నుంచి ఆ కొస దాకా బాటిలంతా గుమ్మరించాడు.

"ఎక్కువ బంగారం దీంట్లోనే పడింది మేడమ్."

నవనీత తలూపింది. బయటికి వచ్చి సుబ్రహ్మణ్యాన్ని పక్కకు పిలిచింది.

"నిన్న ప్రవీణ్ ఆ పెట్టె యాల తెరిసినాడు?"

"రాయిని నిలువుగా కోసి సగం పొడి కొట్టి ల్యాబుకు పంపుతాం మేడమ్. సగం ఈడే ఉంటుంది. ఆ రిపోర్టు మీద సార్‌కు నమ్మకం కుదర్లా. మిగిలిన సగం తానే పంపుతానన్యాడు."

"మొదటి సగం పొడి కొట్టి పంపిందెవరు?"

"దిలీపు."

మధ్యాహ్నం అందరినీ షెడ్డులోకి పిలిచింది. రేకుల మీద వాన దబదబా కురుస్తోంది.

"విషం అన్నంలో లేదు," అంది నవనీత. "రాళ్ళ మీద ఉంది. ప్రవీణ్ ఆ పెట్టె చూస్తాడని, ముక్క ముక్కా నాకుతాడని తెలిసినవాడు పూసినాడు. జలుబు మూలాన వాసన తెలీలేదు."

పదిహేడో పెట్టెలోంచి తడి ముక్కను చేతి రుమాలుతో తీసింది.

"దిలీపూ, మూడు పెట్టెలు నాకి చూపించినావు. దీనికి మాత్రం నీళ్ళు పోస్తివి. నిన్నటి నుంచి తాళంచెవి నా జేబులో ఉండాది. కడిగే వీలు నీకు ఈ పొద్దునే దొరికింది. ఆ నీళ్ళు పెట్టె అడుగున నిలిచినాయి. గంగాధరం సీసాకు పట్టినాడు."

రాయిని అతని నోటి ముందు పెట్టింది.

"అలవాటే గదప్పా. దీన్నీ నాకు."

దిలీప్ పెదాలు బిగిశాయి. తలుపు వైపు చూశాడు. తలుపు అవతల వాన, వాన అవతల వంక.

"రెండేండ్లుగా బంగారం పడలా మేడమ్." మెల్లగా కూలబడ్డాడు. "క్యాంపు ఎత్తేస్తామన్యారు. ఉద్యోగం పోతాదని నా బంగారు ఉంగరం ఆకురాయితో గీసి ల్యాబుకు పంపే పొడిలో కలిపినా. సార్ మిగిలిన సగం పంపితే గుట్టు బయటపడతాది, జైలే. అందుకే మా టమాటా తోట మందు ఆ రాళ్ళకు పూసినా."

గంగాధరం అతని చేతులకు బేడీలు వేశాడు.

"నీళ్ళు..." అన్నాడు దిలీప్.

ఎవరూ కదల్లేదు. చెంగమ్మ వెళ్ళి తన కుండలోంచి చెంబు ముంచి తెచ్చింది. దిలీప్ చెంబులోకైనా చూడలేదు. గటగటా తాగేశాడు. ఆ చేతి నీళ్ళలో ఏమీ లేదని అతనికి నిన్ననే తెలుసు.

సుబ్రహ్మణ్యం తల దించుకుని చేయి చాచాడు. "నాకూ పొయ్యమ్మా."

"బిస్కెట్లు అయిపోయినాయా సార్?" అంది చెంగమ్మ.

అంటూనే చెంబు తీసుకుని కుండ దగ్గరికి నడిచింది.