ఖాళీ టేబుల్

డెబ్బై తొమ్మిదిలో ఓ ఉదయం, మదనపల్లె ప్రభుత్వ ప్లీడరు ఆఫీసులో ఎక్కడలేని హడావుడి. జీతాల ఖర్చు ఏటేటా పెరుగుతోందని, ఏ పోస్టు తీసేయాలో తేల్చడానికి చిత్తూరు నుంచి ఆఫీసరు వస్తున్నాడు. బీరువాల్లో నిద్రపోతున్న ఫైళ్లన్నీ టేబుళ్ల మీదికెక్కాయి.

టెంపరరీ టైపిస్టు శాంతకుమారి టేబుల్ మాత్రం కడిగిన పళ్లెంలా ఉంది. కురబలకోట నుంచి మొదటి బస్సుకే వచ్చి పని ముగించేసి, వేరుశనక్కాయలు ఒలుచుకుంటోంది.

"పనేం లేదా?" గుమ్మంలోంచి అడిగాడో సన్నటి యువకుడు.

"అయిపాయ. ప్లీడరు సారు కోర్టులో ఉండారు. కూర్సోని చెనక్కాయలు తినండి."

అతను నాలుగు గింజలు నోట్లో వేసుకుని, "పోస్టులు చూడటానికి వచ్చింది నేనే. సుబ్రహ్మణ్యం," అన్నాడు.

శాంతకుమారికి పొలమారింది.

సాయంత్రం ప్లీడరు గోవిందస్వామి దిగులుగా చెప్పాడు, "పదేండ్ల కింద ఒక టైపిస్టుతోనే నడిచింది కదా అంటాండాడమ్మా. నీ పోస్టు అక్కర్లేదంట."

ఇంట్లో నలుగురి కడుపు నింపే ఉద్యోగం అది. శాంతకుమారి నేరుగా సుబ్రహ్మణ్యం ముందుకెళ్లింది.

"పని బిన్నా ముగించేసి కూర్సునేది తప్పా సార్? రేపు నేను సెలవు. ఆఫీసు ఎట్ల నడుస్తాదో సూడండి!"

మర్నాడు పదింటికే వాయిదా కాగితాల కోసం కోర్టు నుంచి కబురు మీద కబురు. పాత టైపిస్టు నరసింహులు చేతులెత్తేశాడు. చివరికి సుబ్రహ్మణ్యమే మిషను ముందు కూర్చుని, రిబ్బన్ చిక్కులో వేళ్లు ఇరికించుకున్నాడు.

ఆ మరుసటి ఉదయం శాంతకుమారి వచ్చేసరికి అతని నిన్నటి చొక్కా నిండా రిబ్బన్ మసే. ఎంత ఆపుకున్నా నవ్వు ఆగలేదు.

"మీ పోస్టు ఉండాల్సిందే. పర్మనెంటు చేయమని రాస్తాండాను," అన్నాడు అతను కూడా నవ్వుతూ. ఆ నవ్వు ఆమెకు చాలా నచ్చింది. కానీ బస్సెక్కి వెళ్లినవాడు మళ్లీ కనిపించలేదు. ఎదురుచూసి ఎదురుచూసి ఆమెకు కోపమొచ్చింది.

వానాకాలంలో ఆర్డరు వచ్చింది. ఆ వారమే, గొడుగు మూసుకుంటూ సుబ్రహ్మణ్యమూ వచ్చాడు. వెనకే కుప్పం నుంచి వాళ్లమ్మ వసంతమ్మ.

"ఇన్నాళ్లూ యాల రాలేదు?" గయ్యిమంది శాంతకుమారి.

"ముందే వస్తే, పిల్ల కోసం పోస్టు నిలబెట్టినాడంటారు గదా. మీకే మాటొస్తాది."

ఆమె కోపం వానలో కొట్టుకుపోయింది.

"నీ గురించి సెప్పి సెప్పి నా చెవులకు తూట్లు పొడిచినాడమ్మా," అంది వసంతమ్మ. "మీ అమ్మానాయన సరేనన్నారు. నిన్నే అడగమన్నారు. మా ఇంట్లో కోడలి పోస్టు ఖాళీగా ఉండాది, వస్తావా?"

శాంతకుమారి తల వంచుకుంది.

"టెంపరరీనా, పర్మనెంటా... అత్తా?"

'అత్తా' అన్న మాటే చాలు వసంతమ్మకు. శాంతకుమారి టేబుల్ మీది గింజలు నములుతున్న కొడుకు వైపు తిరిగి, "చెనక్కాయలు తర్వాత తిందువు, పోయి పూలు తీసుకురాపో!" అంది.