బెల్లు మోగిన తర్వాత అరగంట

మెట్లెక్కి వచ్చిన మనిషి కుర్చీ చూపించినా కూర్చోలేదు. గోడకానుకుని నిలబడి, చేతిలోని ప్లాస్టిక్ సంచిని కడుపుకు హత్తుకుని ఒక్కటే మాట అడిగింది.

"అక్కా, నా పెనిమిటిని నేనే సంపిన్నా? గది తెలుసుకొని చెప్పు, సాలు."

లింగం రాస్తున్న కలం ఆపాడు. తారాబాయి దగ్గర సహాయకుడిగా చేరిన నాలుగేళ్లలో దొంగ సంతకాలు చూశాడు, చెప్పాపెట్టకుండా ఉడాయించిన అల్లుళ్లను పట్టుకొచ్చాడు. హంతకురాలిని నేనేనా అని అడుగుతూ వచ్చిన మనిషిని మాత్రం ఇదే చూడటం.

తారాబాయి సంగతి కాస్త చెప్పుకోవాలి. బోధన్ వైపు ఒక చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో పద్దెనిమిదేళ్లు కెమిస్టుగా చేసింది. పాకం మరిగే కడాయిల గ్రాఫు కాగితం చూసి, ఏ షిఫ్టులో ఎవడు కునుకు తీశాడో చెప్పేసేది. ఆ ఉద్యోగం మానేసి నిజామాబాద్‌లో ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు కడితే, ఆడదానికి ఇదేం పని అని ఊరంతా నవ్వింది. నవ్విన పెద్దమనుషులే తర్వాత తలొంచుకుని ఇవే మెట్లెక్కారు. ఆవిడ గొప్పలు చెప్పీ చెప్పీ లింగం ఇంట్లో పెళ్లాం చేత తిట్లు తింటుంటాడు, అది వేరే సంగతి.

"ముందుగాల నీళ్లు తాగు. అటెన్క మెల్లగ చెప్పు," అంది తారాబాయి.

ఆమె పేరు వెంకటవ్వ, బీడీలు చుడుతుంది. అది 2007 జనవరి, చెరుకు క్రషింగ్ ముమ్మరంగా ఉన్న రోజులు. భర్త కొమురయ్య లారీ మీద చెరుకు లోడుకు మోకు బిగిస్తుంటే మోకు తెగి తలకిందులుగా పడ్డాడు. పట్నంలో కొత్తగా తెరిచిన తల ఆస్పత్రికి తెచ్చారు. అక్కడ డాక్టరు ఆత్మారాం కంప్యూటరుతో ఏదో పరిశోధన చేస్తున్నాడు. దానికి ఒప్పుకుని వేలిముద్ర వేస్తే మంచం ఉచితం, మందులు మాత్రం కొనుక్కోవాలన్నారు. వేసింది. వేయక ఏం చేస్తుంది?

"మంచం తలదిక్కు ఎత్తిపెట్టిన్రక్కా, కూసున్నట్టె. మా కులంల పాణం వోయినోల్లనే గట్ల కూసోవెట్టి బొందవెడ్తరు. బతికున్నోణ్ణి గట్ల సూస్తె నాకు భయమైంది. మూడోనాడు పగటీలి, ఎవ్వలు లేనప్పుడు, హేండిల్ తిప్పి సక్కగ పండవెట్టిన. పొద్దుగూకె యాళ్లకు పోయిండు. మంచం దించినవ్, తలల ప్రెషర్ వెరిగి సచ్చిండని డాక్టరు అందరి ముంగట అన్నడు."

అత్త ఈరవ్వకు ఆ మాట చాలింది. మొగుణ్ణి మింగినదానివి బిడ్డను సుత మింగుతవ్ అని, ఐదేళ్ల మౌనికను లోపలికి లాక్కుని తలుపు వేసుకుంది. పదకొండు రోజులుగా తల్లికి పిల్ల మొహం చూపించలేదు.

"నేను సంపలేదని తేలితె నా బిడ్డ నాకొస్తది. సంపిన్నంటె గది సుత చెప్పు, దాచకు," అంది వెంకటవ్వ.

సంచిలో కొమురయ్య చొక్కా, చెప్పులు, సీలు విప్పని మందు సీసా ఒకటి ఉన్నాయి. సీసా మీద పేరు చదివి తారాబాయి ఎక్కడిదని అడిగింది.

"నేను కొన్నదే. పీనుగను ఇచ్చెటప్పుడు నర్సమ్మ చేతుల వెట్టింది. వాడలేదు, షాపుల ఇస్తె పైసలు వాపస్ ఇస్తరన్నది. నాకు యాదికే రాలే."

మర్నాడు పొద్దున ఆస్పత్రిలో డాక్టరు ఆత్మారాం టీ తెప్పించి మరీ మాట్లాడాడు. చల్లని మనిషి, నవ్వుమొహం. పుర్రెలోకి దూర్చిన సన్నటి గొట్టం మెదడులోని ప్రెషర్‌ను నిమిషానికోసారి కంప్యూటరుకు పంపుతుందని చూపించాడు. పాత రోగుల గీతలు వేలకొద్దీ చూసి నేర్చుకున్న ప్రోగ్రాము, ప్రెషర్ ప్రమాదం దాకా పెరగబోతుంటే అరగంట ముందే పసిగట్టి బెల్లు కొడుతుందట.

"మొన్న వానాకాలంలో ముప్పైసార్లు బెల్లు మోగితే పది మాత్రమే నిజమయ్యాయి. దసరా తర్వాత ఇరవైఒకటి మోగితే పంతొమ్మిది నిజం! మెషీన్ నేర్చుకుంటోందండీ. వచ్చే నెల హైదరాబాద్ సభలో చెప్పబోతున్నాను."

"కొమురయ్యకు సుత బెల్లు మోగిందా?"

"మూడూ ఐదుకి. వెంటనే మందు ఎక్కించాం. ఆ తల్లి మంచం దించేసింది, ఏం చేస్తాం." డాక్టరు నిట్టూర్చాడు.

కేసు షీటులో అలాగే ఉంది: మూడూ పదిహేనుకి తలవాపు తగ్గించే మానిటాల్ సీసా ఒకటి ఎక్కించారు. రాసింది నర్సు ప్రమీలమ్మ.

"నువ్వే ఎక్కించినవా అమ్మా?"

"నేనే," అంది ప్రమీలమ్మ, తల ఎత్తకుండా.

కంప్యూటరు దగ్గర కూర్చునే రాజేశ్వర్ అడక్కుండానే కొమురయ్య ప్రెషర్ గీత అచ్చుతీసి ఇచ్చాడు. ప్రోగ్రాము రాసింది తనేనని కాస్త గర్వం.

"దసరా తర్వాత దీంట్ల ఏం మార్చినవ్ బాబూ?"

"ఏం మార్చలే మేడం. ఆగస్టుల మొదలువెట్టినప్పటి నుంచి ఒక్క అక్షరం ముట్టలే. మధ్యల మారిస్తె పరీక్ష చెల్లది."

తారాబాయి ఇంకేమీ అడగలేదు. కింద మెడికల్ షాపులో ఆ రోజు బిల్లు నకలు చూసింది. కొమురయ్య పేరున ఒకే ఒక్క మానిటాల్ సీసా, మూడూ ఎనిమిదికి. బ్యాచి నంబరు సంచిలోని సీసాదే. షాపతను దాని మీద సంతకం పెట్టి ఇచ్చాడు.

"తెలిసిపోయిందా మేడం?" అన్నాడు లింగం.

"తెలిసింది. తెలవకుంటెనే మంచిగుంటుండె," అని ఆటో ఎక్కింది.

మూడో రోజు మధ్యాహ్నం ఆస్పత్రి హాల్లో అందరూ చేరారు. కుటుంబానికి సంగతి విడమర్చి చెబుతానంటే డాక్టరే ఉత్సాహంగా ఒప్పుకున్నాడు. ఈరవ్వ మనవరాలి చెయ్యి వదలకుండా ఒక మూల, వెంకటవ్వ ఇంకో మూల. తలుపు దగ్గర మఫ్టీలో ఒక ఎస్సై ఉన్నాడు. ఆయన్ని ఎవరూ పట్టించుకోలేదు.

తారాబాయి గీత కాగితం బల్ల మీద పరిచింది.

"ఫ్యాక్టరీల ఎవడన్న వాల్వు తిప్పితె సూది ఒక్కసారి ఎగురుతది. లోపల పాకమే పొంగితె మెల్లగ ఎక్కుతది. ఈ రెండిట్ల తేడా నాకు నిద్రల సుత తెలుస్తది. ఇగో, మూడూ పది నుంచి గీత మెల్లగ ఎక్కుతున్నది. మూడూ ముప్పై ఎనిమిదికి ప్రెషర్ నలభై దాటింది. ఇరవై దాటితెనే గండమని డాక్టరు సాబే చెప్పిండు. మూడూ నలభైకి సూది చిన్నగ ఎగిరింది. వెంకటవ్వ మంచం దించింది గప్పుడు. గప్పటికే అంత అయిపోయింది."

"నేను చెప్పేది వినండి..." అన్నాడు డాక్టరు.

"వింట సార్. మూడూ పదిహేనుకి మందు ఎక్కించినమన్నరు. ఎక్కితె ఈ గీత దిగాలె. దిగలేదు. ఆ దినం కొన్నది ఒక్కటే సీసా. అది ఇగో." సీలు విప్పని సీసా బల్ల మీద పెట్టింది. "ప్రమీలమ్మా, ఇది నీ చేతులకెల్లే వచ్చింది."

ప్రమీలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పారెయ్యబుద్ధి కాలే మేడం. అప్పు జేసి కొన్నది ఆమె. బెల్లు మోగంగనె అలవాటుగ చీటీ రాసిన, సీసా తెచ్చింది. ఎక్కియ్యబోతె సార్ ఆపరేషన్ రూములకెల్లి ఫోన్ చేసిండు. అరగంట ఆగు, గీత పోనియ్ అన్నడు. నాలుగుకి కన్నుపాప పెద్దగయింది, పాణం మీదికొచ్చిందని గుర్తు. ఇప్పుడన్న ఎక్కిస్త సార్ అంటె, ఇంకెందుకు, ఎక్కించినట్టు రాయి అన్నడు. నాకిద్దరు పిల్లలు మేడం."

"ఎందుకాగమన్నడు?" అన్నాడు లింగం, ఉండబట్టలేక.

"రాజేశ్వర్‌ను అడుగు. బెల్లు మోగినంక మందు ఇస్తె ప్రెషర్ పెరగది. పెరగకుంటె కంప్యూటర్ ఏమని రాస్తది బాబూ?" అంది తారాబాయి.

రాజేశ్వర్ డాక్టరు వైపు చూశాడు. "బెల్లు తప్పు అని రాస్తది."

"వానాకాలంల తప్పయిన ఇరవై బెల్లులు నర్సులు కాపాడిన గండాలు. దసరాకెల్లి మిషను ఏం నేర్వలే. ఒక్క అక్షరం మారలే. మారింది మందు. బెల్లు నిజం కావాలంటె మనిషి చావుకు దగ్గర పడాలె, అందుకే ఆపిన్రు. పంతొమ్మిదిసార్లు."

డాక్టరు మొహంలో ఇప్పటికీ ఆ చల్లదనమే. "అరగంటే కదండీ. అందరూ చనిపోలేదు, ఏడుగురే. రుజువు లేకపోతే ఈ మెషీన్ ఎవరు కొంటారు? రేపు వేలమంది బతుకుతారు. ఆవిడ మంచం దించకపోయినా చెప్పడానికి నాకు ఇంకో కారణం దొరికేది."

ఆ మాట ఎంత మామూలుగా అన్నాడంటే, ఎస్సై కూడా ఒక క్షణం కదల్లేదు. తర్వాత వచ్చి భుజం పట్టుకున్నాడు. లింగానికి ఆ మనిషి చెంప పగలగొట్టాలనిపించింది, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

వెంకటవ్వ తారాబాయి ముందుకొచ్చింది. "బెల్లు మోగినప్పుడు మందిస్తె బతుకుతుండెనా అక్కా?"

తారాబాయి అబద్ధం చెప్పదు. ఆ ఒక్కసారి చెప్తే బాగుండునని లింగం అనుకున్నాడు.

"బతికేటోడే."

"బెల్లు మోగంగనె నేను ఆ మిషనుకు దండం వెట్టిన. నా పెనిమిటిని కాపాడుతున్నదనుకున్న," అని వెంకటవ్వ కూలబడి ఏడ్చింది. పదమూడు రోజుల్లో అంత ఏడుపు ఏడవలేదట.

ఈరవ్వ మనవరాలిని ముందుకు నెట్టింది. "పో బిడ్డా. నిన్ను గన్న మీ అవ్వ ఏం చేయలే. నాదే తప్పు. పో, అవ్వ తాన్కి పో."

వెంకటవ్వ చేతులు చాపింది. మౌనిక నాలుగడుగులు వేసి ఆగింది. తల్లి మొహంలోకి చూసి, వెనక్కి పరుగెత్తి నాయనమ్మ చీరలో తల దాచుకుంది.

"నేను పోను. అవ్వ బాపును సంపింది."

ఈరవ్వ చీర విడిపించుకోవాలని చూసినకొద్దీ పిల్ల ఇంకా గట్టిగా పట్టుకుంది. తారాబాయి బల్ల మీది గీత కాగితం వైపు చూసింది, బిల్లు వైపు చూసింది. ఐదేళ్ల పిల్లకు చూపించడానికి వాటిలో ఏదీ పనికిరాదు. వెంకటవ్వ చేతులు మాత్రం అలాగే చాచి ఉంచింది.