వెనక అక్షరాలు లేని కారు

కార్లకు పేర్లు పెట్టే మనిషిని ఆఫీసు లిఫ్టులో కాల్చి చంపారు. ఆ సంగతి చెబుతున్నప్పుడు చీఫ్ తన ఏజెంటు ముఖంలోకి చూడలేదు. చనిపోయినవాడు ఏజెంటుకు సొంత తమ్ముడు.

"ఈ కేసు ఇంకొకరికిస్తాను."

"వద్దు సార్. నేనే చూస్తాను."

తన గొంతు తనకే పక్క గదిలోంచి వచ్చినట్టు వినిపించింది. ఏడుపు రాలేదు. కోపం కూడా రాలేదు.

తమ్ముడి కంపెనీ కొత్త కారు ఆ మధ్యాహ్నమే లాంచ్, టీవీల్లో లైవ్. విదేశీ బ్రాండ్ కన్సల్టెంటు ఒకడు దానికి 'కొరాస్టా జీఎక్స్' అనే పేరే ఉండాలని పట్టుబట్టాడు. తమ్ముడు ససేమిరా అన్నాడు. అతను పోయాక ఆ పేరే ఖాయమైంది.

కార్ల పాలిష్ మెకానిక్ వేషంలో ఏజెంటు హాలు వెనక్కి చేరాడు. కన్సల్టెంటు అసిస్టెంటు ఎదురొచ్చింది. నల్ల సిల్కు గౌను, చూపు తిప్పుకోనివ్వని అందం. జీతం కన్సల్టెంటు వెనకున్న విదేశీ ముఠాది, రిపోర్టులు చీఫ్‌కి.

"పాలిష్ ఆరిందా?" అంది.

"ఇంకా తడిగానే ఉంది."

కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "ఆ పేరు టీవీలో కనబడినా, వినబడినా ఒక డ్యామ్ పేల్చేస్తారు. చివరి అక్షరాలు ఆ డ్యామ్‌కి గుర్తు. అదేదో నాకూ తెలీదు."

"లాంచ్ ఆపేస్తే?"

"ఆపితే గుట్టు తెలిసిపోయిందని పేల్చేస్తారు. లాంచ్ జరిగి పేరు కనబడకపోతే సిగ్నల్ కోసం కాచుకునే ఉంటారు. ఛైర్మన్ చూసి చదివే స్క్రీన్ మీద పేరు నేను తీసేస్తాను. కారు మీద అక్షరాలు మీరు చూసుకోండి." వెళ్ళబోతూ వెనక్కి తిరిగింది. "మీ తమ్ముడు మంచివాడండీ."

అతను తలూపి, స్టేజి మీద కారుకు వేసిన ముసుగులోకి దూరాడు.

పెన్నంత హీట్ గన్‌తో డిక్కీ మీది అక్షరాల వెనక జిగురును వేడి చేశాడు. నైలాన్ దారంతో కోస్తూ ఒక్కొక్కటే ఊడదీశాడు. "కింది వేరియంట్ ఉండేది అమ్మడానికి కాదన్నయ్యా, పైదాన్ని చవగ్గా చూపించడానికి," అని తమ్ముడు చెబుతుంటే ఒకప్పుడు తను పగలబడి నవ్వాడు. ఇప్పుడా మాట గుర్తొచ్చినా లోపల ఏమీ కదలలేదు. చేతులు మాత్రం పని చేస్తున్నాయి.

మ్యూజిక్ ఆగింది. చివరి అక్షరం పట్టు వదల్లేదు. ముసుగు జారుతుండగా దాన్ని గోళ్ళతో పెకిలించి కారు కిందికి దొర్లాడు. వేలి నుంచి రక్తం కారింది. నొప్పి తెలియలేదు.

కెమెరాలకు అక్షరాల్లేని డిక్కీ కనిపించింది. ఛైర్మన్ నోరు తెరిచి, స్క్రీన్ చూసి, మూసుకున్నాడు. జనం అదొక కొత్త స్టైల్ అనుకుని లేచి చప్పట్లు కొట్టారు. కన్సల్టెంటు గుమ్మం దాకా పరుగెత్తి, అసిస్టెంటు చేతిలో పిస్తోలు చూసి నిలబడిపోయాడు. సాయంత్రానికల్లా డ్యామ్ పేరు కక్కాడు. అక్కడ కాచుకున్నవాళ్ళంతా దొరికారు. లిఫ్టులో కాల్చినవాడు కూడా వాళ్ళలోనే ఉన్నాడు.

చీఫ్ ఫోన్ చేశాడు. "బుకింగులు తెగ వచ్చేస్తున్నాయట. కారుకి ఏం పేరు పెట్టాలో కంపెనీవాళ్ళు నిన్నే చెప్పమంటున్నారు."

ఏజెంటు వేలికి కట్టు కట్టుకుంటున్నాడు.

"మా ఇంట్లో పేర్లు పెట్టేది తమ్ముడు సార్. నాకు పీకడమే వచ్చు."